దీవిలో తుది దినములు

సెలవు పుచ్చుకొని దూరదేశమునకు పోయినవారికి మొదటి దినములు లెక్కకు రావు. ఒకటి రెండు వ్యర్థమైనను ఇంకను కలవను ధీమా యుండును. తుది దినములు వచ్చుసరికి మాత్రము చేతిలో మిగిలిన చిల్లరవలె గంటలను లెక్కించుకొందుము. జనవరి మాసమున అండమాను దీవులకు పోయిన మా దంపతులకును అట్టి దినములే తటస్థించినవి. వానిని గూర్చియే ఈ ప్రసంగము.

అండమానులలో సాయంకాలము త్వరగా వచ్చును. కారణము సులభమే. భారతదేశమంతటికిని గడియారము ఒక్కటి. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి నడుచును. ఆ రేఖ మన కాకినాడకు చేరువగా పోవుచున్నది. అండమానులు దానికి సుమారు 10 డిగ్రీలు తూర్పున నున్నవి. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక, అచ్చట సూర్యుడు కాకినాడకంటె 40 నిమిషములు ముందుగా నడినెత్తికి వచ్చును. జనవరిలో సాయంకాలము 5-15 ప్రాంతముననే అస్తమించును. గడియారము కాకినాడది, సూర్యుడు దీవివాడు. ఆ రెంటి నడుమ మా సెలవు కరగిపోవుచుండెను.

మూడు దినములు మిగిలినపుడు మాలో భేదాభిప్రాయము పొడసూపెను. చూడవలసినవి మిగిలిపోయినవని ఒకరికి బెంగ. ఒక్క తీరమున నిమ్మళముగా కూర్చుండిన చాలునని మరియొకరికి కోరిక. ఇరువదిరెండేండ్ల సంసారమున ఇట్టి వాదములు మాకు క్రొత్త కావు. అయినను ఇరువురమే ఇల్లు విడిచి వచ్చుట ఇదియే మొదలు. ఎవరి మాట నెగ్గినను రెండవవారికి వెలితి మిగులునను భయము ఇరువురకును కలిగెను. తుదకు రెండు దినములు నీల్ దీవిలో కదలక నిలుచుటకును, మూడవ దినము పోర్టుబ్లెయిరునకు మరలుటకును సమాధానపడితిమి.

నీల్ దీవికి 2018లో షహీద్ ద్వీపమని పేరు మార్చిరి. తూర్పు బెంగాలు కాందిశీకులు వచ్చి సాగులోనికి తెచ్చిన నేల అది. గ్రామముల పేర్లు సీతాపురము, రామనగరము, లక్ష్మణపురము, భరతపురము. రామాయణమున విడిపోయిన అన్నదమ్ములు ఇచ్చట నడచిపోదగిన దూరమున కాపురమున్నారు!

భరతపురము ఒడ్డున పాటు సమయమున నీరు వెనుకకు తీయగా పగడపు దిబ్బలు బయటపడినవి. అలలకు కొట్టుకొనివచ్చిన తెల్లని పగడపు కొమ్మ యొకటి ఇసుకపై నుండెను. "దీనిని ఇంటికి కొనిపోవచ్చునా?" యని శ్రీమతి పడవవానిని అడిగెను. అతడు తండ్రి కాలమున శ్రీకాకుళము నుండి వచ్చి స్థిరపడిన కుటుంబమువాడు. తెలుగు వినబడగానే అతని ముఖము వికసించెను. "వద్దమ్మా, పట్టుకెళ్లనివ్వరు. ఇది రాయి కాదమ్మా, పురుగు కట్టుకున్న ఇల్లు. ఇవన్నీ ఉంటేనే కెరటం బలం తగ్గుతాది" అనెను.

అతడు పలికినది సత్యము. పగడపు జీవి మిక్కిలి చిన్నది. సముద్రజలమునుండి సున్నమును గ్రహించి తన చుట్టును గూడు కట్టుకొనును. బండవలె పెరుగు జాతులు సంవత్సరమునకు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. నీటి వేడిమి హెచ్చినచో రంగు కోల్పోయి పాలిపోవును. 2010లో అండమానుల పగడములకు ఈ విపత్తు విస్తారముగా సంభవించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద పగడములకు రక్షణ కలదు. కొమ్మ ఇసుకపైననే యుండెను.

"తిరిగెళ్లినప్పుడు సిప్పిఘాట్ చూడండి బాబూ" అని పడవవాడు చెప్పెను. మూడవ దినమున పోతిమి. పోర్టుబ్లెయిరును 2024లో శ్రీ విజయపురమని మార్చిరి. దానికి చేరువనే ఆ చోటు. 2004 డిసెంబరు 26వ తేదీ భూకంపమున అచ్చటి నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. సముద్రము వరిపొలములలోనికి వచ్చినది. పైరు పండిన చోట ఉప్పునీరు నిలిచినది. మేము ఆ గట్టున చాలసేపు మాటలాడక నిలిచితిమి.

అచ్చటనుండి సెల్యులార్ జైలు కడకు పోతిమి. 1906లో పూర్తియైన ఆ కట్టడమునకు ఏడు శాఖలుండెడివి. నేడు మూడే నిలిచియున్నవి. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిగారు ఇచ్చట ఖైదీగా నుండిరి. ఈ దీవిలో వారికి దినము గడచుటయే కష్టము. మాకు దినము గడచిపోవుటయే కష్టముగా తోచినది! ఆ గదుల యెదుట మా బెంగ ఎంత అల్పమైనదో ఇరువురకును తెలియవచ్చెను. చూడక మిగిలినవాని పట్టిక మాటను అటుపై ఎవరమును ఎత్తలేదు.

దీవులకు పోదలచిన శ్రోతలకు మేము విన్నవించునది స్వల్పము. ముందుగా ఆటుపోటుల వేళలు తెలిసికొనుడు. అచ్చటి ప్రొద్దును బట్టి లేచి, ప్రొద్దును బట్టి తిరుగుడు. తుది దినమును అంగళ్లకు వదలివేయక, మనము వచ్చిన పిమ్మటను అచ్చటనే బ్రదుకవలసినవారు ఎట్లు బ్రదుకుచున్నారో చూచుటకు ఉంచుకొనుడు. మా పెట్టెలో మేము ఏమియు అదనముగా తెచ్చుకొనలేదు. అయినను ఆ మూడు దినముల మాట మా యింట నేటికిని ముగియలేదు.