పుప్పిగోళ్లు

నల్లగొండ, మహబూబునగరు సీమలలో చెఱువుక్రింది మళ్లలో నాట్లు వేయువారి కాలిగోళ్లు పసుపువన్నెకు తిరిగి, దళసరియై, పొడియై రాలుట మేమెఱుగుదుము. దెబ్బ తగిలి నల్లబడి గరుసైన గోటిని సుశ్రుతుడు కునఖమనెను. ఈ పసుపువన్నె పుప్పి చాలవఱకు శిలీంధ్రమువలన కలుగును. వేపనూనె, పసుపు పూయుట మనయిండ్ల వాడుక. కాని మందమైన గోటిలోనికి పూత దిగుట కష్టము. పాదములు కడిగి వ్రేళ్లసందులు తడిలేకుండ తుడుచుటయే అన్నిటికంటె ముఖ్యము. బొటనవ్రేలిగోరు పూర్తిగా మాఱుటకు 12 మొదలు 18 నెలలు పట్టును. పదిదినములకొకసారి మందు మార్చువారికి ఏమందు ఫలించును? గోరింటాకుతో కప్పిపుచ్చుట మాకు సమ్మతము కాదు. మధుమేహము గలవారు గోటిని కత్తితో చెక్కించుకొనరాదు; చిన్నగాటే పుండై కాలికి ముప్పు తెచ్చును. అట్టివారును, గోటిక్రింద నల్లచార నానాటికి వెడల్పగుచున్నవారును గృహవైద్యము మాని వైద్యునికడకే పోవలెను. గోటిపొడిని పరీక్షించి రోగము నిర్ణయించుట అచ్చటనే సాధ్యము.