వికెట్ల వెనక మనిషి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా అని, పిల్లలకు చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. చదువు గురించి మీకు రోజూ చెప్పేవాళ్లున్నారు. నేను వికెట్ కీపర్ గురించి చెబుతాను. చివరికి అదీ చదువు దగ్గరికే వస్తుంది.

మా రోజుల్లో తాటిమట్టే బ్యాటు. గ్లవ్స్ అనే మాట రేడియో కామెంటరీలో వినడమే. ఆలస్యంగా వచ్చినవాణ్ణి కీపరుగా నిలబెట్టేవాళ్లం. బంతి వెనక పత్తిచేలోకి పోతే వెతికి తేవడమే వాడి పని. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల్లో పడిందంటే ఆ రోజుకి ఆట సరి. కీపింగ్ ఒక విద్య అని మాకెవరికీ తోచలేదు.

అదెంత విద్యో లెక్క వేసి చూడండి. స్పిన్నర్ వేసిన బంతి బ్యాటు దగ్గరికొచ్చేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం ఉందనుకుందాం. అంటే సెకనుకు సుమారు 19 మీటర్లు. అంచుకి తగిలిన చోటు నుంచి కీపర్ చేతులకి రెండు మీటర్లు. అంటే సెకనులో పదో వంతు. మన కన్ను చూసి చెయ్యి కదలడానికి దాదాపు ఐదో వంతు సెకను పడుతుంది. చూసి పట్టుకునే వ్యవధి లేదన్నమాట! బంతి తగలకముందే చేతులు ఉండాల్సిన చోట ఉండాలి. కిందనే కూర్చుని బంతితో పాటు లేవాలి, వేళ్లు బిగుసుకోకూడదు. వేల బంతులు వట్టినే అందుకుంటే తప్ప ఆ ఒక్క బంతి చేతిలో పడదు.

ఈ విద్యతో మన జిల్లా నుంచి పైకొచ్చినవారు ఎం.ఎస్.కె. ప్రసాద్ గారు. పుట్టింది మేడికొండూరులో. 1998లో వన్డేల్లోకి, 1999 అక్టోబరులో మొహాలీలో న్యూజీలాండ్ మీద టెస్టుల్లోకి వచ్చారు. 6 టెస్టులు, 17 వన్డేలు ఆడారు. 2016లో జాతీయ సెలక్షన్ కమిటీ అధ్యక్షులయ్యారు.

తరవాతి తరంలో విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్. 2005 ఏప్రిల్‌లో విశాఖలో పాకిస్తాన్ మీద ధోని 148 పరుగులు బాదిన రోజున, పదకొండేళ్ల భరత్ బౌండరీ దగ్గర బంతులందించే పిల్లవాడు. పదేళ్లు తిరక్కుండానే, 2015 ఫిబ్రవరిలో మన ఒంగోలులో గోవా మీద ఆంధ్ర తరఫున 308 పరుగులు చేశాడు. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ చేసిన మొదటి వికెట్ కీపర్ అతనే. అప్పటికి వయసు 21.

ఇక జాతీయ జట్టులోకి ఎగిరి దూకాడనుకుంటాం. కాదు. ఎనిమిదేళ్లు పట్టింది. జట్టులో బౌలర్లు నలుగురైదుగురుంటారు, బ్యాటర్లు ఐదారుగురు. కీపర్ ఒక్కడే. దేశంలో రెండో మేటి బౌలర్‌కి చోటు దొరుకుతుంది. రెండో మేటి కీపర్ మాత్రం నీళ్ల సీసాలు మోయాలి.

2021 నవంబరులో కాన్పూర్ టెస్టులో సాహాకు మెడ పట్టేసింది. పదకొండు మందిలో లేని భరత్ గ్లవ్స్ తొడుక్కుని వచ్చాడు. రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. 95 పరుగుల మీదున్న లేథమ్‌ను స్టంప్ చేసింది అతనే. కానీ సబ్‌స్టిట్యూట్ కాబట్టి ఆ మ్యాచ్ అతని టెస్టుల లెక్కలోకి రాలేదు. స్కోరు కార్డులో పేరు ముందు 'సబ్' అనే పడింది.

2023 ఫిబ్రవరి 9న నాగపూర్‌లో ఆస్ట్రేలియా మీద అసలు టోపీ అందుకున్నాడు. ఆ రోజే జడేజా బౌలింగులో లబుషేన్‌ను స్టంప్ చేశాడు. ఆ ఏడే ఓవల్‌లో ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. 2024లో హైదరాబాదు, విశాఖ టెస్టుల తరవాత ఆ చోటు ధ్రువ్ జురెల్‌కి వెళ్లింది. ఏడు టెస్టులు.

"ఇంతేనా?" అనే తల్లిదండ్రులుంటారు. నేనడిగేది వేరు. ఒంగోలు నుంచి నాగపూర్ దాకా ఆ ఎనిమిదేళ్లలో పిలుపు ఎప్పుడొస్తుందో తెలియకుండా రోజూ వంగి లేచినవాడికి కాన్పూర్‌లో ఆటకు కాస్త ముందు చెప్పినా చేతులు సిద్ధంగా ఉన్నాయి. నా ఉద్యోగంలోనూ ఇదే చూశాను. పవర్ హౌస్‌లో రిలేలు సరిచూసే మనిషి పేరు ఎవరికీ తెలియదు. లైను తెగిన ఆ ఒక్క క్షణంలో అతను ఏళ్ల తరబడి చేసిన పనే ఊరిని కాపాడుతుంది.

అలాగని పిల్లల్ని చదువు మాన్పించి మైదానంలోకి తోలమనడం లేదు. ఒక్క చోటు కోసం వందల మంది పోటీ పడే ఆట ఇది. పుస్తకం చేతిలో ఉండాల్సిందే. మైదానం కూడా ఉండాలి.

ఇక సంఘానికి నా మనవి. స్వర్ణోత్సవానికి గుర్తుగా మైదానంలో ఒక హాలు కట్టాలని కొందరి ప్రతిపాదన. మంచి మనసుతోనే చెప్పారు, కాదనను. కానీ ఆ హాలు మైదానంలో సగం తినేస్తుంది. మీటింగులకు ఊళ్లో వేరే చోట్లు దొరుకుతాయి. పిల్లలు పరుగెత్తే చోటు ఒకసారి పోతే తిరిగి రాదు. దానికి బదులు 22 గజాల సిమెంటు పిచ్ ఒకటి, చుట్టూ వల, రెండు జతల కీపింగ్ గ్లవ్స్, ప్యాడ్లు, హెల్మెట్లు ఇద్దాం. ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమంగా. పిచ్ ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. మా వాళ్లందరినీ అడిగే చెబుతున్నాను.

పిల్లలూ, రేపటి నుంచి ఆలస్యంగా వచ్చినవాణ్ణి కీపరుగా పెట్టకండి. అందరికంటే ముందొచ్చినవాళ్లకి ఇవ్వండి ఆ గ్లవ్స్.