టి.వి. పాత్ర మనిషి ఎప్పుడవుతుంది?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా బండారులంకలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల దినోత్సవం నాడు టి.వి. పాత్రల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అన్నది ఆ తీర్పు సారం. అంత బరువైన ప్రసంగాల తర్వాత భోజనాల వేళ దాకా కాస్త కాలక్షేపం ఉండాలని కాబోలు నాకీ విషయం అప్పగించారు. రిటైరయ్యాక మనం ఎక్కువసేపు కూర్చునేది టి.వి. ముందే కనుక విషయం మనకు కొత్తది కాదు. కాని నేను చెప్పబోయేది ఉత్త కాలక్షేపం కాదు. ఒక టి.వి. పాత్ర నా ఉద్యోగ జీవితంలో నా చేత తల ఎత్తించింది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెప్పుకుంటాను.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మన జిల్లాలో మా వంటి వారి ఇళ్లకు టి.వి. రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1984 జూలై 7న ఢిల్లీ నుంచి "హమ్ లోగ్" ధారావాహిక మొదలైంది. మనోహర్ శ్యామ్ జోషీ రచన. ఒక దిగువ మధ్యతరగతి కుటుంబం కథ. తాగుబోతు తండ్రి, నోరెత్తని తల్లి, పెళ్లి కావలసిన ఆడపిల్లలు, ఉద్యోగం లేని కొడుకు. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. మాకు హిందీ అంతంత మాత్రం. మా వీధిలో హిందీ ప్రచార సభ పరీక్షలు ప్యాసైన మాస్టారొకరు ఉండేవారు. ఆయన పక్కన కూర్చుని ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతుంటే మేము చూసేవాళ్లం. భాష రాకపోయినా ఆ తండ్రి ఇంటికి వస్తుంటే పిల్లలు ఒక మూలకు జరగడం మాకు అర్థమయ్యేది. దానికి అనువాదం అక్కర్లేదు కదా!

ఆ మరుసటి ఏడు, 1985లో, "రజని" వచ్చింది. బాసు చటర్జీ దర్శకుడు. ప్రియా తెండూల్కర్ నాయిక. ఆమె ఒక సామాన్య గృహిణి. గ్యాసు సిలిండరు ఇవ్వని చోట, టాక్సీవాడు రానన్న చోట, ఎక్కడ అన్యాయం కనిపిస్తే అక్కడ నిలబడి "ఎందుకివ్వవు?" అని అడిగేది. ఆ ధాటికి టాక్సీ డ్రైవర్లు నొచ్చుకుని నిరసన కూడా తెలిపారు. దేశమంతా ఆమెను మెచ్చుకుంది. మేమూ చప్పట్లు కొట్టాం.

అప్పట్లో నేను జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసులో గుమాస్తాను. కుటుంబ పెన్షన్ల కాగితాలు నా సీటుకు వచ్చేవి. ఈ బండారులంక చుట్టుపక్కల నుంచే ఒకావిడ వస్తూండేది. ఆవిడ భర్త అటెండరుగా పనిచేస్తూ పోయాడు. ఆవిడ మగ్గాల ఇళ్లలో కండెలు చుట్టి పిల్లల్ని సాకుతోంది. ఆవిడ కాగితాల్లో ఒకటే చిక్కు. సర్వీసు రిజిస్టరులో ఇంట్లో పిలిచే పేరు ఉంది. ధ్రువపత్రంలో పెట్టిన పేరు ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని సర్టిఫికెట్టు తెమ్మన్నాను. తెచ్చింది. అందులో భర్త ఇంటిపేరు లేదన్నాను. మళ్లీ తెచ్చింది. దాని మీద తేదీ సరిగా పడలేదన్నాను. యానాం దగ్గర బాలయోగి వారధి అప్పటికింకా లేదు. యెదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, బస్సు పట్టుకుని రావాలి. అంటే వచ్చిన ప్రతిసారీ ఆ రోజు కూలీ పోయినట్టే. ఆ లెక్క నా లెక్కల్లో ఎక్కడా లేదు. ఎప్పుడు ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయేది.

ఇంతలో ఒక సాయంత్రం రజని చూస్తున్నాం. అది ఏ భాగమో ఇప్పుడు జ్ఞాపకం లేదు. కౌంటరు వెనక ఒక గుమాస్తా ఉన్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి మాట్లాడుతుంటే వాడు తల ఎత్తడు. రిజిస్టరులో రాసుకుంటూనే, కలం ఆపకుండానే, "రేపు రండి" అంటాడు. మా ఆవిడ పకపకా నవ్వి, "అచ్చం మీరేనండీ!" అంది. గదిలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అందరూ రజనిని చూస్తున్నారు. నేను ఆ గుమాస్తానే చూస్తున్నాను. వాడు దుర్మార్గుడు కాడు. లంచం అడగలేదు. తిట్టలేదు. తల ఎత్తలేదు, అంతే. పేరైనా లేని ఆ వేషం నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఆ కండెలు చుట్టే ఆవిడ మొహం గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాను. గుర్తు రాలేదు. నాలుగు నెలలుగా నా ముందుకు వస్తున్న మనిషి మొహం నాకు తెలియదు! గొంతు మాత్రమే తెలుసు.

తర్వాత ఆవిడ వచ్చినప్పుడు తల ఎత్తి, "కూర్చో అమ్మా" అన్నాను. కావలసిన కాగితం నేనే రాసి, ఎక్కడ సంతకం చేయించాలో చెప్పి పంపాను. మూడు వారాల్లో పని పూర్తయింది. అసలు మొదటి రోజే చేయగలిగిన పని అది. తర్వాత ఆవిడ నాలుగు కొబ్బరికాయలు పట్టుకొచ్చి నా బల్ల పక్కన పెట్టి దణ్ణం పెట్టింది. నన్ను ఎవరైనా తిట్టి ఉంటే ఇంత కాలం జ్ఞాపకం ఉండేది కాదు. ఆ దణ్ణం మాత్రం మరచిపోలేదు. నా తప్పు ఆవిడకు చెప్పుకోలేదు. ఆ లోటు అలాగే ఉండిపోయింది.

అందుచేత మంచి పాత్ర అంటే ఏమిటి అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. మనం చప్పట్లు కొట్టే పాత్ర మంచిదే. కాని మనం చప్పట్లు కొట్టబోయి చెయ్యి ఆపుకునేలా చేసే పాత్ర అంతకన్న గొప్పది. రజని అరగంటలో గెలిచేది. మనం ఆనందించి లేచిపోయేవాళ్లం. ఆమె ఎదుట ఉన్న గుమాస్తాను కూడా నిజంగా చిత్రించారు కాబట్టి ఆ కథ నా దాకా వచ్చింది. నాయిక ఒక్కర్తినీ శ్రద్ధగా మలిచి, మిగతా వారిని గడ్డిబొమ్మల్లా నిలబెడితే ఆ కథలో మనకు చోటుండదు. మనలో చాలామందిమి కథానాయకులం కాదు కదా!

ఇది నేత ఊరు. మీకు తెలిసిన పోలికే చెబుతాను. మగ్గం మీద పడుగు ముందే సిద్ధమై ఉంటుంది. అటూ ఇటూ ఆడుతూ నింపేది పేక. పాత్రకు స్వభావం పడుగు, సంఘటనలు పేక. పడుగు లేకుండా పేక ఎంత ఆడించినా గుడ్డ కాదు. ఎన్ని సంఘటనలు గుప్పించినా స్వభావం లేని పాత్ర మనిషి కాదు.

ఇందుకు 1988లో వచ్చిన "వాగ్లే కీ దునియా" చక్కని ఉదాహరణ. ఆర్.కె. లక్ష్మణ్ ఊహించిన గుమాస్తా శ్రీనివాస్ వాగ్లే. దర్శకుడు కుందన్ షా. వాగ్లేకు భయం ఎక్కువ, జీతం తక్కువ. తప్పు చేయాలనుకోడు, ఎదిరించే ధైర్యమూ లేదు. ఏ చిన్న కష్టం వచ్చినా ముందు తడబడతాడు. ఆ తడబాటే అతని పడుగు. ఆ వేషం వేసిన అంజన్ శ్రీవాస్తవ్ నిజజీవితంలోనూ బ్యాంకు ఉద్యోగి! 2021లో ఆ ధారావాహిక కొత్త తరంతో మళ్లీ వచ్చినప్పుడు, అదే అంజన్ శ్రీవాస్తవ్ ఇంటి పెద్దగా, తాతగా కనిపించారు. ముప్పై ఏళ్ల తర్వాత ముసలివాడై తిరిగి వచ్చినా మనం గుర్తుపట్టగలిగామంటే ఆ పాత్రకు ప్రాణం ఉన్నట్టే.

మన తెలుగులో "అమృతం" సంగతి చూడండి. గుణ్ణం గంగరాజు గారి సృష్టి. 2001లో జెమినీ టి.వి.లో మొదలై ఆరేళ్లు నడిచింది. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు స్నేహితులు, వాళ్ల హోటలు, సర్వర్ సర్వం, ఇంటి ఓనరు అప్పాజీ. అమృతరావు వేషం మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. ముగ్గురు మారినా అమృతరావు అమృతరావుగానే ఉన్నాడు. మన ఆఫీసుల్లో సీటు ఒకటే, మనుషులు మారినట్టు! తొందరపాటు, అత్యాశ, లోపల మంచితనం, ఈ మూడింటినీ రచయితలు వదలలేదు. గుండు హనుమంతరావు గారు 2018లో కాలం చేసినప్పుడు మా ఇంట్లో "అంజి పోయాడు" అనుకున్నాం. నటుడి పేరు కన్న పాత్ర పేరు ముందు నోటికి రావడం కన్న పెద్ద బిరుదు ఉందా? మంజులా నాయుడు గారి "మొగలిరేకులు"లో పోలీసు అధికారి ఆర్.కె. నాయుడు కూడా అలాగే జనం నోట నిలిచాడు.

ఇక స్ఫూర్తి మాట. 1989లో వచ్చిన "ఉడాన్"లో కల్యాణి అనే అమ్మాయి ఐ.పి.ఎస్. అధికారి అవుతుంది. కవితా చౌదరి తానే రాసి, తానే దర్శకత్వం వహించి, తానే నటించారు. ఆ కథకు మూలం ఆమె సొంత అక్కగారు కాంచన్ చౌదరి. ఆమె 2004లో ఉత్తరాఖండ్ పోలీసు శాఖకు అధిపతి అయ్యారు. దేశంలో ఆ పదవి పొందిన మొదటి మహిళ ఆమే. కల్యాణి పుట్టుకతోనే ధీరురాలని చూపించలేదు. ఇంట్లో జరిగిన అన్యాయం, తండ్రి పడిన అవమానం, వాటి నుంచి మెల్లగా పుట్టిన పట్టుదల చూపించారు. శిఖరం ఒక్కటే చూపిస్తే దణ్ణం పెట్టి ఊరుకుంటాం. మెట్లు చూపిస్తేనే ఎక్కాలనిపిస్తుంది.

అయితే రచయిత అనుకున్నదే జనం నేర్చుకుంటారన్న నమ్మకం లేదు. హమ్ లోగ్‌కు సుమారు నాలుగు లక్షల ఉత్తరాలు వచ్చాయంటారు. అందులో తల్లి భాగవంతి అన్నీ మౌనంగా భరిస్తుంది. అలా భరించడం వల్ల ఎంత నష్టమో చూపాలని ఆ పాత్రను తీర్చిదిద్దారు. తీరా చూస్తే చాలామంది ఆమెనే ఆదర్శ గృహిణి అనుకున్నారట! ఓర్పు మన దేశంలో అంత గొప్ప గుణం మరి. నా బల్ల ముందు "ఆయ్, అలాగేనండి" అన్న ఆవిడ ఓర్పును నేనూ వినయమనే అనుకున్నాను.

నేటి రోజువారీ సీరియళ్ల గురించి ఒక్క మాట. అన్నీ చెడ్డవని నేననను. కాని ఏళ్ల తరబడి సాగదీసేసరికి కథ అవసరాన్ని బట్టి మంచివాడు చెడ్డవాడవుతున్నాడు, చెడ్డవాడు రాత్రికి రాత్రి మంచివాడవుతున్నాడు. మనిషి మారవచ్చు, కాదనను, నేనూ మారాను. కాని మారడానికి ఒక కారణం, ఒక సిగ్గు, ఒక నిద్రలేని రాత్రి ఉండాలి. అవి చూపించకుండా మార్పు ఒక్కటీ చూపిస్తే నమ్మేదెవరు?

చివరగా ముసద్దీలాల్ గురించి చెప్పి ముగిస్తాను. "ఆఫీస్ ఆఫీస్"లో పంకజ్ కపూర్ వేసిన పాత్ర. ఆఫీసుల చుట్టూ తిరిగే అమాయకుడు. 2011లో అది సినిమాగా వచ్చినప్పుడు అతనిని రిటైరైన బడిపంతులుగా చూపారు. పెన్షను కాగితాల్లో అతను చనిపోయినట్టు రాసేస్తారు. బతికే ఉన్నానని రుజువు చేసుకోవడానికి అతను పడే పాట్లే కథ. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే మనకు ఆ కథ వేరే చెప్పాలా? అది చూసి జనం నవ్వారు. నేను సగం నవ్వాను. మిగతా సగం కౌంటరు అటు పక్కన ఉండిపోయింది.

మిత్రులారా, మనం కౌంటరుకు రెండు పక్కలా నిలబడ్డవాళ్లం. ఇప్పుడు సర్టిఫికెట్టు సెల్‌ఫోనులోనే ఇవ్వవచ్చు. కాని వేలిముద్ర పడని చేతులు, పేరు తేడా ఉన్న కాగితాలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. అందుకని మన సంఘానికి ఒక చిన్న మనవి. నెలకొక రోజు మనలో ఇద్దరం ఇక్కడ బల్ల వేసుకుని కూర్చుందాం. కుటుంబ పెన్షను కాగితాలతో ఎవరొచ్చినా రాసి పెడదాం. మొదటి నెల నేను కూర్చుంటాను. వచ్చిన వారిని ముందు కూర్చోమందాం. తల ఎత్తి మొహం చూద్దాం.