బీగం వేసిన పెట్టె
(ఓర్వకల్లులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్నపిల్లల చదువు, బోధనోపకరణాల గురించి మాట్లాడమన్నారు. నేను పాఠం చెప్పినవాణ్ణి కాను, స్టాకు రిజిస్టరు రాసిన గుమాస్తాను. కనుక ఆ వైపు నుంచే రెండు మాటలు మనవి చేస్తాను.

1986 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, వాటితోపాటు పటాలు, గ్లోబు, సైన్సు పెట్టె, లెక్కల పెట్టె, ఆటవస్తువులు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం.

1990 ప్రాంతంలో ఒక పల్లె బడిలో అయివారు గ్లోబును పిల్లల చేతికిచ్చారు. అది కిందపడి పగిలింది. నిబంధన ప్రకారం ధర రాబట్టవలెనని మెమో రాసింది నేనే. ఆయన మారుమాట లేకుండా డబ్బు కట్టి కొత్తది తెచ్చిపెట్టారు.

మరుసటి ఏడు తనిఖీకి వెళ్లాను. బీగం తీసి పెట్టె చూపించారు. కాగితం చుట్టిన వస్తువులు చుట్టినట్టే ఉన్నాయి. గడప దగ్గర పిల్లలు మునివేళ్ల మీద నిలబడి తొంగి చూస్తున్నారు. నేను "సరిపోయినది" అని రాసి సంతకం చేశాను. ఆయన మళ్లీ బీగం వేశారు.

తరువాత చింతపిక్కలతో కూడికలు, జొన్నబెండ్ల బండితో చక్రాల లెక్క చెప్పారు. పిల్లలు ఎగబడి జవాబులు చెప్పారు. వాటికి రిజిస్టరు లేదు, పోయినా అడిగేవారు లేరు!

1996లో డి.పి.ఇ.పి. మొదలైన ఐదు జిల్లాలలో మన కర్నూలు ఒకటి. అందులో ప్రతి ఉపాధ్యాయునికి బోధన సామగ్రి కోసం ఏడాదికి 500 రూపాయలిచ్చారు. స్వయంగా తయారు చేసుకోమన్న ఆ మాట విన్నప్పుడు నాకు ఆ చింతపిక్కలే గుర్తొచ్చాయి. 2023లో మన రాష్ట్రంలోని ప్రభుత్వ బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. సంతోషమే. అయితే వస్తువు ఏదైనా, పిల్లవాడి చెయ్యి తగలకపోతే అది స్టాకే గాని చదువు కాదు.

మీ మనవళ్ల బడికి వెళ్లినప్పుడు "సామాను భద్రంగా ఉందా?" అని అడగకండి. "మా పిల్లలు ముట్టుకున్నారా?" అని అడగండి.

ఆ అయివారు ఇప్పుడు లేరు. ఆయనకు చెప్పవలసిన క్షమాపణ ఈ సభాముఖంగా చెప్పుకొని సెలవు తీసుకుంటున్నాను.