వీసా కిటికీ ముందు మన పేర్లు



పిల్లలను అమెరికా చదువులకు పంపబోతున్న తల్లిదండ్రులు, కూతురి కాన్పుకు బయలుదేరుతున్న అమ్మలు ఈ సభలో ఉన్నారు. హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌కు ఏమేమి తీసుకువెళ్లాలన్నది మీ ప్రశ్న. తప్పనిసరి అయినవి కొన్నే. పాస్‌పోర్టు, పాతవి ఉంటే అవి కూడా, డీఎస్-160 దరఖాస్తు నింపాక వచ్చే బార్‌కోడ్ పత్రం, అపాయింట్‌మెంటు పత్రం, ఫొటో. విద్యార్థులకైతే సంతకం చేసిన ఐ-20, సెవిస్ రుసుము 350 డాలర్లు చెల్లించిన రసీదు, చదువుకు డబ్బు ఎక్కడినుండి వస్తుందో చూపే కాగితాలు. సెల్‌ఫోను లోపలికి అనుమతించరు, కనుక అన్నీ కాగితం మీదే ఉండాలి.

కాగితాలు లేకపోవడం మన ఇళ్లలో అసలు చిక్కు కాదు. ఒక్కో కాగితం ఒక్కో పేరు చెప్పడమే చిక్కు. పదో తరగతి మెమోలో 'ఎండీ', ఆధార్‌లో 'మహమ్మద్', పాస్‌పోర్టులో 'మొహమ్మద్'. షేక్ అన్న పేరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో! అమ్మ పేరు చివర బీ ఒక చోట, బేగం మరొక చోట. బడిలో చేర్చుకున్ననాడు గుమాస్తా తనకు తోచినట్లు రాసిన పేరుకు ఇరవై ఏళ్ల తరువాత మన బిడ్డ సంజాయిషీ చెప్పుకోవలసి రావడం అన్యాయమే. అయినా కిటికీ అవతల ఉన్న అధికారికి ఆ కథ వినే తీరిక ఉండదు. సంభాషణ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఉన్న పేరంతా వీసాలో ఇంటిపేరుగా మారి, అసలు పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. అక్కడి బ్యాంకు ఖాతా నుండి డ్రైవింగ్ లైసెన్సు దాకా అది వెంటాడవచ్చు. గల్ఫ్‌కు వెళ్లేవారికీ ఈ బెడద తప్పలేదు. ఒకే పదం పేరున్న సందర్శకులకు యూఏఈ 2022 నవంబరులో అడ్డు చెప్పింది. కనుక దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టును సరిచేయించుకోవాలి. నోటరీ అఫిడవిట్ తోడుగా ఉంటే మంచిదే, దిద్దుబాటుకు అది ప్రత్యామ్నాయం కాదు.

భర్త వద్దకు వెళ్లే ఆడపిల్లలు ఉర్దూ నిఖానామా ఒక్కటే పట్టుకుపోరాదు. ఇంగ్లీషు వివాహ ధృవపత్రం కూడా ఉండాలి. 2002 నాటి వివాహాల నిర్బంధ నమోదు చట్టం మనకూ వర్తిస్తుంది.

హిజాబ్ తీయాలా అని అడుగుతున్నారు. మతాచారంగా నిత్యం ధరించేవారు ఫొటోలో ఉంచుకోవచ్చు. ముఖం పూర్తిగా, నీడ పడకుండా కనిపిస్తే చాలు. కళ్లద్దాలు మాత్రం 2016 నుండి కూడదు. గడ్డం తీసివెళ్లమనే సలహాలను నమ్మవద్దు, అటువంటి నిబంధన లేదు. ఇంగ్లీషు రాని అమ్మలు తెలుగులోనో ఉర్దూలోనో సమాధానం చెప్పవచ్చు.

బ్యాంకు స్టేట్‌మెంట్లు తయారుచేసి ఇస్తామనే దళారుల దగ్గరికి మాత్రం పోవద్దు. తిరస్కరణకు గురైనవారు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. నకిలీ పత్రం పట్టుబడితే అమెరికా చట్టం 212(ఎ)(6)(సి) కింద జీవితకాల నిషేధం పడుతుంది. గత ఐదేళ్ల సామాజిక మాధ్యమ ఖాతాలను దాచడమూ ప్రమాదమే, దరఖాస్తులో ఆ ప్రశ్న ఉంది.

కొందరి చేతికి 221(జి) అని రాసిన కాగితం వస్తుంది. మన పేరు చూసే ఆపారని పిల్లలు కుంగిపోతారు. అది అన్ని మతాలవారికీ వస్తున్నదే. అడిగిన పత్రాన్ని ఏడాదిలోగా అందజేస్తే అదే దరఖాస్తును తిరిగి పరిశీలిస్తారు. ఆ కాగితాన్ని భద్రపరచండి.

పాస్‌పోర్టు, పదో తరగతి మెమో వెంట తెచ్చినవారు ముందు వరుసకు రండి. రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూద్దాం.