బాటసారికి మజ్జిగ

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యని మన పెద్దలు సామెత చెప్పుకొనిరి. రైళ్లు రాకమునుపు బాటసారి బ్రదుకు దారిలోని యపరిచితుల చేతిలో నుండెడిది. నేడు బండ్లున్నవి, విమానములున్నవి. ఐనను ఆ పాత బాటసారి స్థితిని కోరి తెచ్చుకొనువారు కొందరు కలరు. వారు దూరపు పరుగువారు.

2019 ఏప్రిల్ 25వ తేదీన సూఫియా ఖాన్ అను రాజస్థాన యువతి శ్రీనగరమున బయలుదేరి, 87 దినములలో నాలుగు వేల కిలోమీటర్లకు పైగా పరుగెత్తి, జూలై 21న కన్యాకుమారి చేరెను. జనుల నడుమ సౌభ్రాతృత్వము, సమానత్వము, శాంతి నెలకొనవలెనన్నది ఆ పరుగు నుద్దేశము. లెక్క వేసినచో దినమునకు సగటున 46 కిలోమీటర్లు. మారథాన్ పందెము కంటె నాలుగు కిలోమీటర్లు అధికము. పందెము ముగిసినవాడు మరునాడు మంచము దిగుటకే బాధపడును. ఆమె మరునాడును, ఆ మరునాడును పరుగెత్తవలెను. నడుమ రోహిణి కార్తె వచ్చెను. రోళ్లు పగులు నెండ.

ఇచట శరీరధర్మము కొంత చెప్పవలెను. ఎండలో పరుగెత్తువాని దేహమునుండి గంటకు లీటరు, ఒక్కొక్కప్పు డంతకు మించియు చెమట పోవును. దానితో ఉప్పును పోవును. వట్టి నీరే కడివెడు త్రాగినచో రక్తములోని లవణము పలుచనై తల తిరుగును, తెలివి తప్పును, ప్రాణమునకే ముప్పు రావచ్చును. మన పల్లెలలో ఎండనపడి వచ్చినవానికి ఉప్పు వేసి, అల్లము దంచి, పలుచని మజ్జిగ యిత్తురు. వైద్యులు సోడియము పేరెత్తక మున్నే యీ వాడుక యున్నది.

పోయిన వేసవిలో గుత్తి దాటిన పిమ్మట, 44వ జాతీయ రహదారి ప్రక్కన నొక చలివేంద్రము కడ మా బండి యాగెను. ఏ రాష్ట్రమువాడో, ఒక పడుచువాడు పరుగెత్తుచు వచ్చి నీడకు చేరెను. అతనికి తెలుగు రాదు. కుండల కడ కూర్చున్న అవ్వకు తెలుగు తప్ప మరొకటి రాదు. "యా ఊరు నాయనా? బువ్వ తిన్నెవా?" అని యడిగి, జవాబునకు వేచియుండక ఆమె చెంబుతో మజ్జిగ ముంచెను. అతడు దోసిలి పట్టెను. అవ్వ కసరి, చెంబే అతని చేతి కిచ్చెను.

ఆ చెంబు సంగతి స్వల్పము కాదు. మన సత్రములను తలచి మనము గర్వింతుము. గోదావరి లంకలలో, 1909లో గతించిన డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చినవారికిని వండి పెట్టిరన్నచో గర్వింపదగినదే. కాని పెక్కు సత్రములలో అన్నమునకు ముందు కులమడుగుచుండిరి. నీటి కడనో, కొందరికి చెంబు, కొందరికి దోసిలి. కొందరికి అదియును లేదు. పరుగువాని బనియను చెమటతో తడిసి, మొగము దుమ్ము కొట్టుకొని యుండును. ఇంటిపేరు, మతము ఎవరికిని తెలియవు. అట్టివానికి చెంబందించుట, తెలిసినవానికి విందు చేయుటకంటె కష్టమని నా యభిప్రాయము.

పరుగువానికి మన దయవలననే యొక చిక్కు కూడ కలదు. ఒంటరిగా పోవువానిని చూచి లారీ డ్రైవరు బండి యాపి, ఎక్కుము, దింపెదను అనును. ఎక్కినచో పరుగు చెడును. కాదన్నచో పిలిచినవాని మనసు నొచ్చును. భాష రానిచో చేతులు జోడించి, నవ్వి, మరల పరుగెత్తుటయే.

ఇప్పటి పెద్ద రహదారులు ఊళ్లను తప్పించి వెలుపలినుండి పోవుచున్నవి. బావి, రచ్చచెట్టు, వీధి యరుగు దారికి దూరమైనవి. ధాబాలు, పెట్రోలు బంకులు మిగిలినవి. వేసవిలో ఈ చలివేంద్రములు. మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడగనే పందిరి విప్పి కుండలు బోర్లించుట మనకు వాడుక. సూఫియా ఖాన్ కన్యాకుమారి చేరునప్పటికి మృగశిర, ఆరుద్ర, పునర్వసు కార్తెలు మూడును వెడలి పుష్యమి వచ్చియుండెను.