హంస కారును మలచిన చేతులు

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రైళ్లను, తపాలాను గురించి మాట్లాడవలసిన ఈ వేదికపై మేము ఒక మోటారు కారు కథ చెప్పదలచినాము. సంపన్నుల వైభవమును పొగడుటకు కాదు. శ్రమ ఏ విధముగా మరుగున పడుచున్నదో చూపుటకు.

కలకత్తాలో నివసించిన మాథ్యూసన్ అను సంపన్నుడు 1910లో ఇంగ్లండులోని లోవెస్టాఫ్ట్ పట్టణపు బ్రూక్ కంపెనీ చేత తన కొరకు ఒకే ఒక కారును చేయించుకున్నాడు. దాని ముందుభాగము హంస ఆకారము. కన్నులలో విద్యుద్దీపములు, దారి తొలగించుటకు ముక్కు నుండి ఆవిరి చిమ్మే ఏర్పాటు, చక్రములకు అంటిన ఏనుగు లద్దెను ఊడ్చుటకు బ్రష్షులు, వెనుక బంగారు రేకుతో తామరపువ్వు అలంకారము! వెనుక కూర్చున్న యజమాని, ఓడలలో వాడే టెలిగ్రాఫు యంత్రము ద్వారా డ్రైవరుకు ఆజ్ఞలు పంపేవాడు. ఒకే బండిలోని ఇద్దరు మనుషుల మధ్య మాట కూడా అక్కరలేని ఏర్పాటు అది. కారు తొలిసారి వీధికి రాగానే జనము బెదిరి కలకలము రేగినది. పోలీసులు జోక్యము చేసుకోవలసి వచ్చినది.

తరువాత అది నాభా మహారాజుకు చేరినది. 1991లో నెదర్లాండ్స్‌లోని లౌమన్ మ్యూజియం వారు దానిని సేకరించి పునరుద్ధరించినారు. నేడది హేగ్ నగరములోని వారి మ్యూజియంలో ఉన్నది.

యజమాని పేరు, మహారాజు బిరుదు, కంపెనీ పేరు నిలిచినవి. హంస మెడను మలచిన పనివాడెవరు? బంగారు రేకు అంటించినదెవరు? ఆజ్ఞలందుకున్న ఆ డ్రైవరెవరు? ఈ కథలో వారి పేర్లు వినబడవు. అయినను, పాత బండిని పునరుద్ధరించుట అనగా కేవలము రంగు పూయుట కాదు. వెనుకటి పనివాడు ఏ అతుకు ఎందుకు వేసినాడో కనుగొని, అతని ఆలోచనను తిరిగి నేర్చుకొనుట. ఆ నేర్పు అంతరించినచో ఎంత ధనము పోసినను పని సాగదు.

మన మాటకు వద్దాము. రైలు పెట్టెలను టేకు చెక్కతో కట్టిన వడ్రంగులు ఒకనాడు మన వర్కుషాపులలో ఉండేవారు. 1955లో పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఉక్కు పెట్టెల తయారీ ప్రారంభమైన పిదప ఆ పని క్రమేణా తగ్గిపోయినది. కదిలే ఆర్.ఎం.ఎస్. పెట్టెలో నిలబడి, ఉత్తరములను అరలలో వేరుచేసిన సార్టరు నేర్పు కూడా అట్టిదే.

కనుక ప్రతి శాఖకు మా విజ్ఞప్తి ఇది. పదవీ విరమణ చేసిన సోదరుల ఇండ్లకు వెళ్లండి. పేరు, హోదా, పనిచేసిన షాపు లేదా సెక్షను, ఆ పని జరిగిన విధము వారి మాటలలోనే వ్రాసుకొనండి. ఆ పుస్తకమును యూనియన్ కార్యాలయములో భద్రపరచండి. బండిని మ్యూజియం కాపాడును. దానిని కట్టినవాని పేరును కాపాడవలసినది మనమే.